లూసీ సంగతి ఎవరు తేల్చారు? 1931 ‘డ్రాక్యులా’లో తెగిన దారాలు

మీ ప్రశ్న పూర్తిగా చదివాను. యూనివర్సల్ వాళ్లు తీసిన 1931 నాటి ‘డ్రాక్యులా’ మొదటిసారి చూశారు. డ్రాక్యులాగా వేసిన బెలా లుగోసీ బాగా నచ్చాడు గానీ, కథ మాత్రం ఎక్కడికక్కడ తెగిపోయినట్టు అనిపించిందన్నారు. డ్రాక్యులా కాటుకు లూసీ రక్తపిశాచిగా మారాక ఆమె ఏమైంది? డ్రాక్యులా కోటలో కనబడ్డ ముగ్గురు పిశాచి ఆడవాళ్లు ఎటు పోయారు? స్పృహ తప్పిన పనిమనిషి వైపు, డ్రాక్యులాకు బానిసైన రెన్‌ఫీల్డ్ పాక్కుంటూ వెళ్లాక ఏం జరిగింది? అంత పెద్ద విలన్ చావును తెరమీద ఎందుకు చూపించలేదు? చివర్లో డ్రాక్యులాను వేటాడే ప్రొఫెసర్ వాన్ హెల్సింగ్ ఆ నేలమాళిగలో ఒక్కడే ఎందుకు ఆగిపోయాడు? హీరోయిన్ మీనాను పెళ్లాడబోయే హార్కర్ అసలు ఈ కథలో దేనికి? ఇవీ మీరు అడిగినవి. ట్రాన్సిల్వేనియా కోటలో అర్మడిల్లోలు ఏం చేస్తున్నాయని చివర్లో ఇంకోటి చేర్చారు.

పాతికేళ్లకు పైగా నా ఉద్యోగం ఎడిటింగ్ గదిలోనే. ఈ సినిమాను మామూలు వేగంతో ఎన్నిసార్లు చూశానో, షాటు షాటుకీ ఆపి కూడా అన్నిసార్లు చూశాను. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను. ముందు ఒక మాట. తెరమీద కనబడే ప్రతి లొసుగూ కథ రాసినవాడి లొసుగు కాదు. నేను అసిస్టెంటుగా ఉన్న రోజుల్లో ఒక సినిమాకి నిడివి ఎక్కువైందని, విడుదలకు నాలుగు రోజుల ముందు రెండో సగంలో ఒక ఆస్పత్రి సీను లేపేశాం. హీరో బాబాయి చనిపోయేది ఆ సీనులోనే. మా అమ్మ సినిమా చూసి హాల్లోంచి బయటికొస్తూనే అడిగింది, “ఒరేయ్, ఆ బాబాయి ఏమయ్యాడ్రా?” అని. రాసిన కాగితం మీద బాబాయి కథ నిండుగానే ఉంది, తెరమీదే లేదు. ‘డ్రాక్యులా’లో మీరు అడిగిన ప్రశ్నల్లో సగానికి పైగా ఈ బాబాయి లాంటివే. వాటి జవాబులు వేరేచోట భద్రంగా ఉన్నాయి. ఈ సినిమాలో ఒక్కటి మాత్రం నిజంగా పెద్ద లొసుగు. అది మీరు అడగలేదు, నేనే చెబుతాను.

ఈ సినిమా నేరుగా నవలలోంచి వచ్చింది కాదు. బ్రామ్ స్టోకర్ నవల 1897లో వచ్చింది. దాన్ని 1924లో ఇంగ్లండులో హామిల్టన్ డీన్ నాటకంగా మలిచాడు. ఆ నాటకాన్ని జాన్ బాల్డర్‌స్టన్ తిరగరాస్తే 1927లో బ్రాడ్‌వేలో ఆడింది. అందులో డ్రాక్యులా వేషం లుగోసీదే. సినిమా ఆధారపడింది ప్రధానంగా ఈ నాటకం మీద. స్టేజీ మీద కోటలు, తోడేళ్లు, సముద్రం, ఓడ ఎక్కడ పెడతారు? అందుకని కథంతా మానసిక ఆస్పత్రి నడిపే డాక్టర్ సీవార్డ్ ఇంటి ముందుగదిలోకి వచ్చి కూర్చుంది. బయట జరిగేదంతా ఎవరో ఒకరు కిటికీలోంచి చూసి చెప్పడమే.

ఈ సంగతి తెలిశాక సినిమా మళ్లీ చూడండి, అతుకు ఎక్కడుందో మీకే తెలుస్తుంది. ట్రాన్సిల్వేనియా, కోట, ఓడ ఉన్న మొదటి భాగం సినిమా. ఇంగ్లండులో డాక్టరు గారి ఇంటికి చేరాక మిగిలింది నాటకం. పచ్చిక మీద తోడేలు లాంటిది పరుగెత్తిందని హార్కర్ కిటికీ దగ్గర నిలబడి చెబుతాడు, మనకు కనబడదు. ఎర్రటి కళ్లతో వేలాది ఎలుకలు వచ్చాయని రెన్‌ఫీల్డ్ చెబుతాడు, అవీ కనబడవు. ఇక లూసీ. తెల్లబట్టల ఆవిడ ఒకామె చిన్నపిల్లలను చాక్లెట్ ఆశచూపి తీసుకుపోతోందన్న వార్తను పేపర్లోంచి చదివి వినిపిస్తారు, అంతే. చెట్ల మధ్య ఆమె నడిచిపోయే ఒక చిన్న దృశ్యం దక్కింది మనకు.

ఇక్కడే మీ మొదటి ప్రశ్న. ఆ లూసీని ఏం చేశారు?

వాన్ హెల్సింగ్ మీనాకు స్పష్టంగా మాట ఇస్తాడు. ఈ రాత్రి దాటాక లూసీ ఆత్మకు శాంతి దొరుకుతుందంటాడు. చచ్చాక లూసీ ఆత్మను కాపాడగలిగితే నా ఆత్మనూ కాపాడతానని మాటివ్వండని మీనా అడుగుతుంది. సినిమాలో నన్ను కదిలించే రెండు మూడు చోట్లలో అదొకటి. మీనాగా వేసిన హెలెన్ చాండ్లర్ ఆ మాట అరిచి అనదు, దూరంగా ఎక్కడో చూస్తూ అంటుంది. కానీ ఆ తర్వాత లూసీ పేరు సినిమాలో తేలదు. మాట నిలబెట్టుకున్నాడో లేదో చెప్పే షాటు ఒక్కటీ లేదు. మనకు మిగిలిన సినిమా ప్రకారం లూసీ ఇంకా పిల్లల కోసం తిరుగుతూనే ఉండాలి.

నవలలో దీనికి నిండైన జవాబు ఉంది. లూసీని పెళ్లాడాల్సిన ఆర్థర్ హోమ్‌వుడ్ స్వయంగా సమాధిలోకి వెళ్లి ఆమె గుండెలో కొయ్యమేకు దించుతాడు. ప్రేమించినవాడి చేత్తోనే విముక్తి రావాలన్నది ఆ ఘట్టానికి ప్రాణం. సినిమాలో ఆర్థర్ లేడు. మనుషులు మరీ ఎక్కువయ్యారని అతన్ని తీసేశారు. అతనితోపాటు క్విన్సీ మోరిస్ అనే అమెరికన్ కూడా పోయాడు. ఒక పాత్రను తీసేసినప్పుడు ఆ పాత్ర భుజాన ఉన్న బరువు ఇంకొకరికి ఎత్తాలి. ఇక్కడ ఎవరికీ ఎత్తలేదు. సినిమాలో లూసీకి కాబోయే భర్త లేడు, అన్నదమ్ములు లేరు, ఆమె సమాధి దగ్గర నిలబడటానికి సొంత మనిషంటూ ఒక్కరూ లేరు. అందుకే ఆ సీను పోయినా సెట్లో ఎవరికీ వెలితి తోచలేదేమో అనిపిస్తుంది నాకు.

అయితే ఈ సినిమాకు ఒక కవల ఉంది. 1930లో డబ్బింగ్ ఇంకా కుదురుకోలేదు. అందుకని స్పానిష్ మాట్లాడే దేశాల కోసం యూనివర్సల్ వాళ్లు అదే సెట్లలో, అదే కథను వేరే నటులతో ఇంకోసారి తీశారు. పగలంతా దర్శకుడు టాడ్ బ్రౌనింగ్ బృందం ఇంగ్లీషు సినిమా తీసి వెళ్లిపోయేది. చీకటి పడ్డాక జార్జ్ మెల్ఫోర్డ్ బృందం వచ్చి తెల్లారేదాకా స్పానిష్ సినిమా తీసేది. మెల్ఫోర్డ్‌కు స్పానిష్ రాదు, పక్కన దుబాసీ ఉండేవాడు. డ్రాక్యులాగా కార్లోస్ విల్లారియాస్, మీనా పాత్రకు ఎవా అని పేరు మార్చి లుపితా తోవర్ చేశారు. ఇంగ్లీషుది ఇప్పుడు దొరికే రూపంలో దాదాపు 75 నిమిషాలు. స్పానిష్‌ది 104 నిమిషాల దాకా ఉంటుంది. ఒకే కథకు అరగంట తేడా. మీ ప్రశ్నల్లో రెండిటికి జవాబులు ఆ అరగంటలోనే దొరుకుతాయి. చాలా ఏళ్లు స్పానిష్ ప్రింటులో ఒక రీలు పాడైపోయి ఉండేది. ఆ భాగం క్యూబాలో ఉన్న కాపీలో దొరికాకే సినిమా మొత్తంగా చూసే వీలైంది.

లూసీ విషయంలో స్పానిష్ సినిమా గొప్పగా ఏమీ చేయదు. శ్మశానం గేటులోంచి వాన్ హెల్సింగ్, హార్కర్ బయటికి వస్తారు. పని అయిపోయిందని వాళ్ల వాలకమూ మాటా చెబుతాయి. చిన్న సీను. మేకు దించడం అందులోనూ చూపించరు. కానీ ఆ కొద్దిపాటి సీనుతో వాన్ హెల్సింగ్ మాట నిలబడుతుంది, హార్కర్ కళ్లు తెరుచుకుంటాయి, మీనాకు ఏం రాబోతోందో అతనికి అర్థమవుతుంది. ఇంగ్లీషు సినిమాలో హార్కర్ చివరిదాకా నమ్మనివాడిలా విసుక్కుంటూ ఉంటాడని మీకు అనిపించింది కదా. అతన్ని నమ్మించే ఘట్టమే ఇందులో లేదు మరి. ఒక్క సీను లేకపోయేసరికి ముగ్గురి కథ కుంటుపడింది.

రెండో జవాబు పనిమనిషిది. ఆ చోటు దగ్గరగా చూడండి. రెన్‌ఫీల్డ్‌ను చూసి భయంతో ఆమె నేలమీద పడిపోతుంది. రెన్‌ఫీల్డ్‌గా వేసిన డ్వైట్ ఫ్రై చేతులూ మోకాళ్లూ నేలకు ఆనించి, తల కాస్త ముందుకు చాపి, కళ్లు తిప్పకుండా ఆమె వైపు పాకుతాడు. మొహంలో నవ్వూ ఆకలీ రెండూ ఉంటాయి. ఇంకొక్క అడుగు దూరం ఉందనగా సీను మారిపోతుంది. చూసేవాడికి తోచేది ఒకటే, ఆమె రక్తం తాగేశాడని. తర్వాత మాత్రం ఆమె చావు గురించి ఎవరూ మాట్లాడరు, వెతకరు. స్పానిష్ సినిమాలో రెన్‌ఫీల్డ్‌గా వేసిన పాబ్లో ఆల్వరెజ్ రూబియో కూడా అలాగే పాకుతాడు. కానీ షాటు ఆగకుండా సాగుతుంది. అతను పట్టబోయింది ఆమెను కాదు, అక్కడున్న ఈగను. అంతే. పాత్ర స్వభావానికి సరిగ్గా సరిపోయే ముగింపు అది. రెన్‌ఫీల్డ్ ఇంకా ఈగలు, సాలీళ్ల దగ్గరే ఉన్నాడు, మనుషుల దాకా రాలేదు. ఇంగ్లీషులో ఆ షాటును నాలుగు సెకన్లు ముందు కోసెయ్యడం వల్ల అతను హంతకుడయ్యాడు. కత్తెర ఎక్కడ పడిందన్నదాన్ని బట్టి మనిషి గుణమే మారిపోతుందని కొత్తగా చేరిన పిల్లలకు చెప్పడానికి నేను ఈ రెండు ముక్కలూ పక్కపక్కన వేసి చూపిస్తుంటాను.

రెన్‌ఫీల్డ్ మాట వచ్చింది కాబట్టి హార్కర్ సంగతి కూడా తేల్చేద్దాం. నవలలో ట్రాన్సిల్వేనియా వెళ్లేది హార్కర్. కోటలో బందీ అయ్యేది, ఆ ముగ్గురు ఆడవాళ్ల బారిన పడబోయేది, తప్పించుకుని వచ్చేది అతనే. రెన్‌ఫీల్డ్ అప్పటికే సీవార్డ్ ఆస్పత్రిలో రోగి. అతనికి డ్రాక్యులాతో లంకె ఎలా కుదిరిందో నవల సరిగ్గా చెప్పదు. సినిమా రాసినవాళ్లు ఆ లోటు పూడ్చారు. కోటకు రెన్‌ఫీల్డ్‌నే పంపారు. ఇప్పుడు అతని పిచ్చికి కారణం ఉంది, డ్రాక్యులాను ‘మాస్టర్’ అనడానికి కారణం ఉంది. మెట్ల దగ్గర డ్రాక్యులా సాలీడును చూపిస్తూ, అజాగ్రత్తగా వచ్చే ఈగ కోసం అది గూడు అల్లుతుందనీ, రక్తమే ప్రాణమనీ అంటాడు. ఆ మాట విన్న మనిషే తర్వాత ఈగలూ సాలీళ్లూ తింటాడు. ఓడ అడుగున, తలుపు తెరిచి కిందికి చూసినవాళ్ల వైపు మెట్ల దిగువ నుంచి తలెత్తి అతను నవ్వే ఆ నవ్వు, ఈ సినిమా చూసినవాళ్లెవరూ మరిచిపోరు. నవలకంటే సినిమా మెరుగ్గా ఉన్న చోటు ఇది.

దాని ఖరీదు హార్కర్ కట్టాడు. కోట అనుభవం అతని దగ్గర నుంచి లాక్కున్నారు, బదులుగా ఏమీ ఇవ్వలేదు. డ్రాక్యులాను ముందే చూసి ఉండాల్సినవాడు ఇప్పుడు అందరికంటే ఆఖర్న తెలుసుకునేవాడయ్యాడు. డేవిడ్ మానర్స్ నటన బాలేదని చాలామంది అంటారు. నేను ఒప్పుకోను. ఆ పాత్రలో చేయడానికి ఏమీ మిగలలేదు, ఆయన మాత్రం ఏం చేస్తాడు? రక్తపిశాచి బలమంతా జనం దాన్ని నమ్మకపోవడంలోనే ఉందని వాన్ హెల్సింగ్ అంటాడు. ఆ నమ్మని జనానికి ప్రతినిధిగా నిలబెట్టడానికి ఒక మనిషి కావాలి, ఆ ఉద్యోగం హార్కర్‌కు పడింది.

అర్మడిల్లోల గురించి క్లుప్తంగా. ఒంటినిండా మన అలుగులా డిప్ప ఉండే ఆ జంతువు అమెరికా ఖండాల్లో తప్ప ఇంకెక్కడా ఉండదు. సినిమా తీసింది కాలిఫోర్నియాలో. పాడుబడ్డ కోటలో పాకేదేదో కావాలి, చూసేవాళ్లకు అదేమిటో చప్పున తెలియకూడదు. ఆ అవసరానికి అది సరిపోయింది. భూగోళం తప్పింది నిజమే గానీ కథ తప్పలేదు. అలాగే మంచం పక్కన దీపానికి తగిలించిన అట్టముక్క. చాలామంది దాన్ని సెట్లో మరిచిపోయిన వస్తువంటారు. రోగి కళ్లలో వెలుగు పడకుండా ఇంట్లో మనమూ అట్టో గుడ్డో అడ్డం పెడతాం, నాకది అలాగే తోచింది.

పిలవనిదే పిశాచి గడప దాటలేదు కదా, మరి డ్రాక్యులా ఇళ్లలోకి ఎలా వస్తున్నాడని ఈ సినిమా మీద తరచుగా ఇంకో ప్రశ్న వస్తుంటుంది. ఆ నియమం నవలలో ఉంది, సినిమాలో నోటితో ఎవరూ చెప్పరు. కానీ గమనించండి. లూసీ పడుకోబోయే ముందు తన చేతులతోనే కిటికీ తెరుస్తుంది. సీవార్డ్ ఇంటి ముందుగదిలోకి డ్రాక్యులా పనిమనిషి వచ్చి పేరు చెప్పాకే, అతిథిగా వస్తాడు. మీనా గదిలో వుల్ఫ్‌బేన్ కొమ్మలు కట్టి ఉంటాయి. మన వైద్యంలో వత్సనాభి అంటామే, ఆ జాతి విషపు మొక్క. నవలలో ఉన్న వెల్లుల్లి స్థానంలో సినిమా దీన్ని పెట్టింది. డ్రాక్యులా బయట నిలబడి చూపుతోనే నర్సును లొంగదీసుకుని, ఆ కొమ్మలు ఆమె చేతే తీయించి తలుపు తెరిపిస్తాడు. ప్రతిసారీ లోపలివాళ్లే దారి ఇస్తారు. ఒకప్పుడు మన ఊళ్లలో తలుపుల మీద ‘ఓ స్త్రీ రేపు రా’ అని రాసుకున్న వాళ్లకు ఈ గడప భయం విడమరిచి చెప్పక్కర్లేదు.

ఇప్పుడు మీరు అడగని పెద్ద లొసుగు.

ఇంట్లో వాన్ హెల్సింగ్, డ్రాక్యులా ఎదురెదురు పడే సీను గుర్తుంది కదా. “ఇలా రా” అని డ్రాక్యులా చెయ్యి చాపితే, ముసలాయన రెండడుగులు ముందుకు తూలి, మళ్లీ బిగబట్టి వెనక్కి వస్తాడు. అద్భుతమైన సీను. దానికి ముందు వాన్ హెల్సింగ్ డ్రాక్యులా మొహం మీదే ఏమంటాడో వినండి. కార్‌ఫాక్స్ ఆబీని (డ్రాక్యులా దిగిన పాత మఠం) రాయి రాయిగా పీకిస్తాను, చుట్టూ మైలు దూరం తవ్విస్తాను, నువ్వు పగలు పడుకునే మట్టి పెట్టె ఎక్కడున్నా పట్టుకుని నీ గుండెలో మేకు దించుతాను అంటాడు. అంటే తను ఎక్కడ పడుకుంటాడో శత్రువుకు తెలుసని డ్రాక్యులాకు అప్పుడే తెలిసిపోయింది. అసలు ఆ అడ్రసు చెప్పిందీ అతనే, కచేరీ హాల్లో సీవార్డ్‌ను పరిచయం చేసుకుంటూ. ఇంత తెలిసీ, తెల్లవారుజాము దగ్గర పడుతుండగా మీనాను ఎత్తుకుని తిన్నగా ఆ పక్కింటి కార్‌ఫాక్స్‌కే వెళ్లి ఆ పెట్టెలోనే పడుకుంటాడు. శతాబ్దాల అనుభవం ఉన్నవాడు చేసే పనేనా అది?

వాన్ హెల్సింగ్ వైపు నుంచి చూసినా అంతే. పెట్టె ఎక్కడుందో తెలుసు. పగటిపూట డ్రాక్యులా కదలలేడని తెలుసు. పక్కింట్లో పగలంతా నిస్సహాయంగా పడి ఉన్నవాడి దగ్గరకు నలుగురు మనుషులను వెంటబెట్టుకుని ఎందుకు వెళ్లలేదు?

నవలలో ఈ చిక్కు రాదు. అక్కడ డ్రాక్యులా తెచ్చింది సినిమాలోలా మూడు పెట్టెలు కాదు, 50. వాటిలో కొన్నిటిని కార్‌ఫాక్స్ నుంచి తీయించి లండన్‌లో వేరే ఇళ్లకు చేర్చుకుంటాడు. ఒకచోట దొరికితే ఇంకోచోట ఉండాలని ముందుచూపు. వాన్ హెల్సింగ్ బృందం ఒక్కో పెట్టెనూ వెతికి పనికిరాకుండా చేస్తూ పోతుంటే అతనికి ఒక్కటే మిగులుతుంది, అప్పుడు దేశం విడిచి పారిపోతాడు. వేట, లెక్క, పగటి పరుగు అన్నీ అందులో ఉన్నాయి. సినిమాలో 50 పెట్టెలు మూడయ్యాయి, లండన్ ఒక ముందుగది అయింది, వేట ఒక మెట్లవరుస అయింది. దీనికి స్పానిష్ సినిమాలోనూ జవాబు లేదు. ఇది కత్తెర పని కాదు, రాతలోనే జారిపోయింది. ఎడిటింగ్‌తో ఎవరూ దీన్ని సరిచేయలేరు.

ఆ ముగ్గురు ఆడవాళ్లదీ ఇదే తంతు. సినిమాలో డ్రాక్యులా వాళ్లను కోటలోనే వదిలి ఓడ ఎక్కాడు. ఆ తర్వాత కథ కోటకు తిరిగి వెళ్లనే లేదు. నవల ముగిసేది ట్రాన్సిల్వేనియాలో కాబట్టి వాన్ హెల్సింగ్ ఆ కోటకు వెళ్లి ముగ్గురినీ వాళ్ల సమాధుల్లోనే అంతం చేస్తాడు. సినిమా ముగింపును ఇంగ్లండుకు మార్చగానే వాళ్లు కథకు అందనంత దూరంలో ఉండిపోయారు. సినిమా లెక్కన వాళ్లు ఇంకా ఆ కోటలోనే ఉన్నారు.

ఇక డ్రాక్యులా చావు. మీకు అన్యాయంలా తోచినది నాకు మాత్రం ఈ సినిమా పద్ధతికి కట్టుబడి ఉన్నట్టే అనిపిస్తుంది. వెనక్కి వెళ్లి చూడండి. శవపేటిక మూత కదిలి చెయ్యి బయటికొస్తుంది, కెమెరా పక్కకు జరుగుతుంది, మళ్లీ వచ్చేసరికి అతను నిలబడి ఉంటాడు. లేవడం చూపించలేదు. మెట్ల మీద సాలెగూడుకు ఇవతల ఉన్నవాడు ఒక్క కట్‌తో అవతల ఉంటాడు, గూడు చెక్కు చెదరదు. వెనకాల వచ్చే రెన్‌ఫీల్డ్ మాత్రం దాన్ని కర్రతో చీల్చుకుని వెళ్లాలి. గబ్బిలం మనిషి కావడం చూపించలేదు. లుగోసీకి కోరపళ్లు లేవు. ఎవరి మెడ మీదా గాట్లు కనబడవు. కార్ల్ ఫ్రాయిండ్ కెమెరా ఆ కళ్ల మీద వెలుగు పెట్టి, మిగతాదంతా మనకు వదిలేసింది. అలాంటి సినిమా మేకు దిగడాన్ని ఎందుకు చూపిస్తుంది? ఆ క్షణంలో కెమెరా ఉన్నది మీనా దగ్గర. ఆమె ఒక్కసారిగా గుండె మీద చెయ్యి వేసుకుని అరుస్తుంది. దెబ్బ అక్కడ పడితే నొప్పి ఇక్కడ తగిలింది. డ్రాక్యులా ఆమె మీద వేసిన కట్టు ఎంత గట్టిదో, అది ఎప్పుడు తెగిందో ఆ ఒక్క షాటు చెప్పింది. అది ఉండగా ఇంకో షాటు అవసరమని నేను అనుకోను.

మీరు చూసిన ప్రింటులో ఆ సమయంలో డ్రాక్యులా మూలుగు వినబడకపోతే మాత్రం మీకు నిజంగానే అన్యాయం జరిగింది. సెన్సార్ నియమాలు గట్టిపడ్డాక 1936లో సినిమాను మళ్లీ విడుదల చేశారు. అప్పుడు ఆ మూలుగునూ, రెన్‌ఫీల్డ్ చనిపోయేటప్పుడు వేసే కేకలనూ తగ్గించేశారు. మంచి ప్రింట్లలో తర్వాత వాటిని తిరిగి చేర్చారు. బొమ్మ చూపించని సినిమాకు శబ్దమే ఆధారం. పైగా నేపథ్య సంగీతం దాదాపు లేని సినిమా ఇది. మొదట్లో పేర్లు పడేటప్పుడు ‘స్వాన్ లేక్’ అనే బ్యాలే సంగీతంలో ఒక ముక్క, కచేరీ హాల్లో కాస్త పాశ్చాత్య సంగీతం, అంతే. మనం రీరికార్డింగ్‌కు అలవాటుపడ్డవాళ్లం. రెండు సీన్ల మధ్య అతుకు కనబడకుండా సంగీతం పూత పూస్తుంది. ఆ పూత లేనప్పుడు ప్రతి కోతా బయటపడుతుంది. కథ తెగిందని మీకు అనిపించిన చోట్లలో కొన్నిటికి ఇదే కారణం కావచ్చు. 1990ల చివర్లో ఫిలిప్ గ్లాస్ ఈ సినిమాకు మొత్తంగా సంగీతం కూర్చాడు, ఒకసారి దానితో చూడండి, తర్వాత తీసేసి చూడండి.

1936లో పోయింది ఇంకోటి ఉంది. మొదటి విడుదలలో కథ ముగిశాక వాన్ హెల్సింగ్ వేసిన ఎడ్వర్డ్ వాన్ స్లోన్ తెర ముందుకు వచ్చి ప్రేక్షకులతో నేరుగా మాట్లాడేవాడు. ఇంటికెళ్లి దీపాలార్పాక భయమేస్తే ధైర్యం తెచ్చుకోండి అని మొదలుపెట్టి, ఇలాంటివి నిజంగానే ఉన్నాయి సుమా అని ముగించేవాడు. అది నాటకంలోంచి వచ్చిన అలవాటు. మళ్లీ విడుదలలో దాన్ని తీసేశారు. అది పోవడంతో వాన్ హెల్సింగ్ సినిమాలో చివరిసారి కనబడేది ఆ నేలమాళిగలోనే అయింది, ఒక్కడే ఎందుకు ఆగాడన్న మీ ప్రశ్న అక్కడినుంచే పుట్టింది.

మీరు రాట్లేదా అని హార్కర్ అడుగుతాడు. ఇప్పుడే కాదు, కాసేపాగి వస్తానంటాడు వాన్ హెల్సింగ్. ఎందుకో చెప్పడు. నాకు తోచిన కారణం అక్కడే పడి ఉంది. డ్రాక్యులా గొంతు నులిమి మెట్ల మీంచి తోసేసిన రెన్‌ఫీల్డ్ శవం ఆ మెట్ల కిందే ఉంది. అతనూ కరవబడ్డవాడే. లూసీ విషయంలో ఏం జరిగిందో తెలిసిన మనిషి అతన్ని అలాగే వదిలి వెళ్లడు. ఇది నా ఊహ. తెరమీద ఆధారం లేదు.

ఆధారం ఉన్న జవాబు అయిదేళ్ల తర్వాత వచ్చింది. 1936లో యూనివర్సల్ వాళ్లే తీసిన ‘డ్రాక్యులాస్ డాటర్’ సరిగ్గా ఈ నేలమాళిగలో, ఈ నిమిషంలో మొదలవుతుంది. ఇద్దరు పోలీసులు దిగి వస్తారు. మెట్ల కింద రెన్‌ఫీల్డ్, పెట్టెలో గుండెలో మేకుతో డ్రాక్యులా, పక్కన ప్రొఫెసర్. వేసింది వాన్ స్లోనే గానీ పేరు మాత్రం వాన్ హెల్సింగ్ కాస్తా ‘ఫాన్ హెల్సింగ్’ అయింది. ఇతను చచ్చి ఎంతసేపయిందని అడిగితే అయిదు వందల ఏళ్లయిందని ఆయన నిజాయితీగా చెబుతాడు. హత్యానేరం మీద తీసుకుపోతారు. లాయరును పెట్టుకోమంటే, తన దగ్గర చదువుకున్న ఒక మానసిక వైద్యుణ్ణి పిలిపించమంటాడు. ఆలోగా డ్రాక్యులా శవాన్ని అతని కూతురు కౌంటెస్ జలెస్కా ఎత్తుకుపోయి దహనం చేస్తుంది.

చూశారు కదా, ఒక ప్రశ్నకు జవాబు చెప్పిన సినిమా అంతకంటే పెద్ద ప్రశ్న వదిలింది. ఆయన హంతకుడు కాదని చెప్పగలిగే మనుషులు అదే ఊళ్లో ఉన్నారు. డాక్టర్ సీవార్డ్‌కు తెలుసు. మీనా ప్రాణం ఆయన నిలబెట్టిందే. హార్కర్ ఆ గదిలోనే ఉన్నాడు. రెండో సినిమా మొత్తంలో వాళ్లలో ఒక్కరూ కనబడరు, సాక్ష్యానికి పిలుద్దామన్న ఆలోచన కూడా ఎవరికీ రాదు. మొదటి సినిమా ఆఖరి షాటులో చర్చి గంటలు మోగుతుండగా హార్కర్, మీనా ఒకరినొకరు పట్టుకుని ఆ పొడుగాటి మెట్లెక్కి వెలుతురులోకి వెళ్లిపోతారు. పైకి వెళ్లేదాకా వెనక్కి తిరిగి చూడరు.